గల్లాపెట్టె లెక్కా... తూము లెక్కా?

వెబ్‌సైటు పెట్టడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. దానికి ఎవరొస్తున్నారు, ఎక్కడి నుంచి వస్తున్నారు, కొనకుండా ఎందుకు వెళ్లిపోతున్నారు... ఇవి తెలుసుకోవడమే అసలు పని. అందుకు రెండు దారులున్నాయి. బందరు రోల్డుగోల్డు నగకు ఏది నప్పుతుంది? గుడివాడ బియ్యం మిల్లుకు ఏది చాలు? దివిసీమలో అతిథిగృహం నడిపేవారికి ఏది అవసరం?

మచిలీపట్నం కోనేరు సెంటర్లో కొట్టు నడిపే యజమానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. గడప తొక్కిన మనిషిని చూడగానే తెలిసిపోతుంది... కొనడానికొచ్చాడా, ధర కనుక్కుని పోదామనొచ్చాడా, ఎండకు కాసేపు నీడపట్టున నిలబడ్డాడా అన్నది. మెట్టు దిగి వెళ్లిపోతుంటే ‘ఏమండీ, నచ్చలేదా?’ అని అడగనూ వచ్చు. అదే కొట్టు ఇంటర్నెట్లోకి ఎక్కితే? వచ్చేవాళ్లకు ముఖం ఉండదు. అడుగుల చప్పుడు ఉండదు. వంద మంది వచ్చి వెళ్లినా కొట్టు నిశ్శబ్దంగానే ఉంటుంది!

ఈ తీరంలో కొనేవాడి మనసు చదవడం కొత్త విద్యేమీ కాదు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు బందరులో కొఠీలు పెట్టింది ఇక్కడి బట్ట కోసమే. ఏ రంగు అద్దకం ఏ దేశంలో పోతుంది, ఏ అచ్చుకు గిరాకీ ఉంది అని చిట్టాలు రాసుకుని మరీ కొనేవారు. నాలుగు శతాబ్దాల తర్వాత పెడన కలంకారీ చీర తెర మీద అమ్ముడవుతోంది. చిట్టా మాత్రం కావాల్సిందే. కాకపోతే ఇప్పుడు దాన్ని కంప్యూటరు రాస్తుంది.

అంకెల బిళ్ల నుంచి...

వెబ్‌సైట్ల తొలి రోజులు గుర్తున్నాయా? పేజీ అడుగున చిన్న అంకెల బిళ్ల ఉండేది. ‘మీరు 1,482వ సందర్శకులు’ అని చూపించేది. అంతకుమించి ఏమీ తెలిసేది కాదు. వచ్చినవాడే మళ్లీ వచ్చినా కొత్తవాడి కిందే లెక్క. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటులి ‘కుకీ’ని కనిపెట్టాడు. బ్రౌజరులో దాచిపెట్టే ఓ చిన్న చీటీ అది. ఆ చీటీ ఉంటే పాత చుట్టమని గుర్తుపట్టొచ్చు. 2005లో గూగుల్ అర్చిన్ అనే కంపెనీని కొని, దాని లెక్కల యంత్రాన్నే ‘గూగుల్ ఎనలిటిక్స్’గా మార్చి అదే ఏడాది ఉచితంగా అందరికీ ఇచ్చేసింది. పెద్ద కంపెనీలకే దొరికే సదుపాయం చిన్న కొట్టుకూ చేరింది.

అక్కడే కొత్త తలనొప్పి మొదలైంది. గూగుల్ లెక్కకు ఒక కోడు. ఫేస్‌బుక్ ప్రకటనకు మరో కోడు. ఇంకో ప్రకటనల కంపెనీకి ఇంకొకటి. ఈ కోడు ముక్కల్నే ‘ట్యాగులు’ అంటారు. ఒక్కోటి అతికించాలన్నా, పీకాలన్నా వెబ్‌సైటు చేసిన కుర్రాణ్ని బతిమాలుకోవాలి. ఈ బాధ తీర్చడానికే 2012 అక్టోబరులో ‘గూగుల్ ట్యాగ్ మేనేజర్’ వచ్చింది. ఇదీ ఉచితమే.

డెల్టావాసులకు తెలిసిన సంగతే

ట్యాగ్ మేనేజర్ అంటే ఏమిటో కృష్ణా డెల్టాలో పుట్టినవారికి చెప్పడం చాలా తేలిక. బందరు కాలువ గట్టు చూసే ఉంటారు కదా! నీళ్లు కావాలనుకున్న ప్రతి రైతూ గట్టుకు గండి కొడితే ఏమవుతుంది? గట్టే మిగలదు. అందుకే ఒకచోట తూము కడతారు. తలుపు ఎత్తితే నీళ్లు పంటబోదెల్లోకి వెళ్తాయి. దించితే ఆగిపోతాయి. ఏ బోదెకు ఎప్పుడు వదలాలో లష్కరు చూసుకుంటాడు.

ట్యాగ్ మేనేజరూ అచ్చం ఇలాంటిదే. వెబ్‌సైటులో దాని కోడును ఒక్కసారి పెడతారు. ఆ తర్వాత సైటును ముట్టుకోనక్కర్లేదు. ఏ ట్యాగు ఏ పేజీలో, ఏ బటను నొక్కినప్పుడు పనిచేయాలో వేరే తెర మీద కూర్చుని నిర్ణయించుకోవచ్చు. మార్చిన ప్రతిసారీ పాత రూపం భద్రంగా ఉంటుంది. తేడా వస్తే వెనక్కి తిప్పేయొచ్చు. జనంలోకి వదలకముందే సరిగా ఉందో లేదో పరీక్షించి చూసుకోనూ వచ్చు.

ఇక రెండో దారి. షాపిఫై, విక్స్ లాంటి వేదికల మీద కొట్టు పెడితే లెక్కల పట్టిక దానితోపాటే వస్తుంది. ఇవాళ ఎంతమంది వచ్చారు, ఎన్ని ఆర్డర్లు పడ్డాయి, ఎంత సొమ్ము వచ్చింది... అన్నీ అక్కడే కనిపిస్తాయి. కోడు అతికించే పని లేదు. ఇది కొట్లో గల్లాపెట్టె పక్కన ఉండే చిట్టా లాంటిది. డబ్బు చేతులు మారినచోటే రాస్తుంది కాబట్టి అమ్మకాల అంకెలో పొరపాటుకు తావు తక్కువ. వర్డ్‌ప్రెస్‌తో సైటు కట్టుకున్నవారు మాత్రం ఓ విషయం గమనించాలి. అందులో పుట్టుకతో లెక్కల పట్టిక ఉండదు. విడిగా ప్లగిన్ చేర్చుకోవాలి.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. తూము నీళ్లు వదులుతుందే గానీ పంట కొలవదు. ట్యాగ్ మేనేజర్ కూడా అంతే. తానుగా ఒక్క మనిషినీ లెక్కపెట్టదు. దాని వెనక గూగుల్ ఎనలిటిక్సో, ఉచితంగా దొరికే మటోమో లాంటి మరో సాఫ్ట్‌వేరో ఉండాలి. కాబట్టి ‘ఇదా అదా?’ అన్న ప్రశ్నను కాస్త మార్చి అడగాలి. ‘వేదిక ఇచ్చిన చిట్టా నాకు చాలా? చాలకపోతే, ఇంకా ఏం తెలియాలి?’

ముగ్గురు... మూడు అవసరాలు

గుడివాడలో ఓ బియ్యం మిల్లు ఉందనుకుందాం. సైటులో నాలుగు పేజీలుంటాయి. బియ్యం రకాలు, మిల్లు ఫొటోలు, చిరునామా, ఫోన్ నంబరు. నెలకు వచ్చేది కొద్దిమంది టోకు వ్యాపారులు. బేరమంతా ఫోన్లోనే. ఈ మిల్లుకు ట్యాగ్ మేనేజర్ ఎందుకు? ఇంటి పెరట్లో నాలుగు వంగ మొక్కలకు కాలువ తూము కట్టినట్టుంటుంది! సైటుతో వచ్చిన పట్టిక చూసుకుంటే సరిపోతుంది. ఫోన్ చేసినవారిని ‘మా గురించి ఎక్కడ చూశారండీ?’ అని అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటే ఇంకా మేలు.

దివిసీమకు వెళ్దాం. నాగాయలంకలోనో, హంసలదీవి దారిలోనో అతిథిగృహం నడిపేవారి సంగతి వేరు. వారి సైటులో ఆర్డరు ఉండదు. గల్లాపెట్టే లేనప్పుడు దాని చిట్టా ఏం రాస్తుంది? మోపిదేవి దర్శనానికొచ్చేవారు గది కోసం ఫోన్ బటను నొక్కుతారు, లేదంటే వాట్సాప్ చేస్తారు. ఆ నొక్కుడే వీరికి అమ్మకంతో సమానం. గూగుల్ ఎనలిటిక్స్‌లో ఇప్పుడున్న జీఏ4 రకం కొన్నిటిని తనంతట తానే లెక్కిస్తుంది. పేజీని చివరిదాకా చదివారా, వేరే సైటుకు వెళ్లే లింకు నొక్కారా, ఫైలు దించుకున్నారా... ఇలాంటివి. వాట్సాప్ లింకు బయటి సైటుదే కాబట్టి ఇందులోకి వస్తుంది. ఫోన్ నంబరు నొక్కితే మాత్రం రాదు. అదిగో, అక్కడ ట్యాగ్ మేనేజర్ అక్కరకొస్తుంది. ‘ఫోన్ బటను నొక్కినప్పుడల్లా ఒకటి వెయ్యి’ అని చెబితే చాలు. పది నిమిషాల పని.

మూడోది బందరు రోల్డుగోల్డు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్... అన్నిచోట్లా ప్రకటనలకు డబ్బు పెట్టే వ్యాపారమిది. ఈ నెల గాజులు, వచ్చే నెల వడ్డాణాలు. పెళ్లిళ్ల సీజనుకో ప్రకటన, వరలక్ష్మీ వ్రతానికో ప్రకటన. ప్రతిదానికీ ఒక ట్యాగు. వీరికి తూము లేకపోతే గట్టంతా గండ్లే! పెడన కలంకారీని విదేశాలకు పంపేవారిదీ దాదాపు ఇదే దారి.

ఒకే పెళ్లికి ఇద్దరు పేరయ్యలు

అసలు చిక్కు ఇప్పుడు చూడండి. ఉదాహరణకు ఒక నగల సైటుకు నెలలో 36 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. ఫేస్‌బుక్ ‘25 నావల్లే’ అంటుంది. గూగుల్ ప్రకటనల పట్టిక ‘20 నావి’ అంటుంది. కలిపితే 45! వచ్చినవేమో 36. మరి ఆ 9 ఎక్కడివి?

అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఒకావిడ ఉదయం ఇన్‌స్టాగ్రామ్‌లో హారం చూసింది. సాయంత్రం గూగుల్‌లో వెతికి ప్రకటన నొక్కి కొన్నది. ఇద్దరూ ఆ ఆర్డరును తమ ఖాతాలో వేసుకున్నారు. ఒకే పెళ్లికి ఇద్దరు పేరయ్యలు కమీషను అడిగినట్టన్నమాట. ఎవరి లెక్క వారు చూపిస్తారు. పెళ్లి జరిగింది ఒక్కటే అని చెప్పగలిగేది గల్లాపెట్టె చిట్టానే.

అలాగని చిట్టాకు అన్నీ తెలుసా అంటే అదీ కాదు. 36 ఆర్డర్లని చెబుతుంది గానీ ఆ కొన్నవారు ఏ ప్రకటన చూసి వచ్చారో, కొనకుండా పోయినవారు ఎక్కడ ఆగిపోయారో అంత వివరంగా చెప్పలేదు. నగ నచ్చి బుట్టలో వేసుకుని, కొరియరు ఖర్చు చూసి వెనక్కి తగ్గినవారెందరు? ఇలాంటి ప్రశ్నకు మెట్టుమెట్టుకూ కొలిచే ట్యాగులే సమాధానమిస్తాయి.

మన దగ్గర తరచూ కనిపించే తిరకాసులు మరో రెండున్నాయి. ఒకటి యూపీఐ. డబ్బు కట్టడానికి కొనుగోలుదారు బ్రౌజరు వదిలి ఫోన్‌పేలోకో, గూగుల్‌పేలోకో వెళ్తాడు. డబ్బు పోయిందని టింగుమనగానే అక్కడే ఆగిపోతాడు. ‘ధన్యవాదాలు’ పేజీకి తిరిగి రాడు. ట్యాగు ఉండేది ఆ పేజీలోనే! సొమ్ము ఖాతాలో పడుతుంది, ట్యాగు లెక్కలో మాత్రం ఆర్డరే లేదు. రెండోది సరకు చేరాక డబ్బు కట్టే పద్ధతి. ఆర్డరు ఇచ్చిన క్షణమే ట్యాగు ‘అమ్ముడైంది’ అని రాసేస్తుంది. పార్సిల్ వెళ్తుంది, ‘ఇప్పుడు వద్దులెండి’ అంటారు, సరకు తిరిగొస్తుంది. ట్యాగుకు ఆ సంగతి తెలియదు. ఒకదాంట్లో లెక్క తగ్గింది, ఇంకోదాంట్లో పెరిగింది. ఈ అంకెల్ని నమ్మి వచ్చే నెల ప్రకటనల డబ్బు పెంచితే? నష్టం యజమానితో ఆగదు. గిరాకీ ఉందనుకుని ముందే చేయించిన నగలు బీరువాలో మిగిలిపోతాయి. ఆ తర్వాతి నెల మెరుగు పెట్టేవాళ్లకు పని తగ్గుతుంది.

రెండుసార్లు పడే ఓటు

ట్యాగ్ మేనేజర్ పెట్టాక తరచూ జరిగే ఇంకో పొరపాటుంది. అంతకుముందే గూగుల్ కోడు సైటులో నేరుగా అతికించి ఉంటుంది. దాన్ని తీయకుండా ట్యాగ్ మేనేజర్లోనూ అదే పెడతారు. ఇంకేముంది... తెరిచిన ప్రతి పేజీకీ రెండు ఓట్లు! మర్నాడు చూస్తే పేజీ వీక్షణల లెక్క రెట్టింపు. యజమాని సంబరపడతాడు. అమ్మకాలు మాత్రం పెరగవు. ఒక్క రాత్రిలో లెక్క సరిగ్గా రెండింతలైతే మిఠాయిలు పంచకండి, ముందు కోడు వెతకండి.

ఇంకో సంగతి. తూము ఉంది కదా అని బోదెలు తవ్వుకుంటూ పోతే కాలువలో నీరు చాలదు. ట్యాగులూ అంతే. ఒక్కోటి పేజీ మీద ఒక్కో బరువు. సిగ్నలు అంతంత మాత్రంగా ఉండే ఊళ్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషికి పేజీ తెరుచుకునేలోపు ఓపిక నశిస్తుంది. ఎప్పుడో ఆపేసిన ప్రకటన తాలూకు ట్యాగులు ఇంకా అలాగే ఉన్నాయేమో ఆరు నెలలకోసారైనా చూసుకోవాలి.

పైగా ఎంత మంచి ట్యాగైనా అందరినీ చూడలేదు. ప్రకటనలు అడ్డుకునే సాఫ్ట్‌వేరు ఉన్న ఫోన్లలో అది పనిచేయకపోవచ్చు. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజరైతే 2019 నుంచి ఇలాంటి చాలా కుకీల ఆయుష్షును 7 రోజులకు కుదించింది. పదో రోజున తిరిగొచ్చిన మనిషి కొత్తవాడైపోతాడు. అందుకే ట్యాగు అంకెల్ని నయాపైసలతో సహా నమ్మకూడదు. పెరుగుతోందా, తగ్గుతోందా అన్న పోకడ చూడటానికే అవి.

తాళంచెవి ఎవరి దగ్గర?

లష్కరు ఎవరి మాట వింటాడన్నది డెల్టాలో ఎప్పుడూ పెద్ద ప్రశ్నే. ఇక్కడా అంతే. చాలామంది ట్యాగ్ మేనేజర్ ఖాతాను వెబ్‌సైటు చేసినవారి ఈమెయిల్‌తోనే తెరిపిస్తారు. రేపు వారితో మాటపట్టింపు వచ్చినా, వారు ఊరు మారినా ఖాతా వారితోనే వెళ్లిపోతుంది. అందులోని ట్యాగుల అమరికా వెళ్లిపోతుంది. ఖాతా యజమాని పేరు మీదే ఉండాలి. పనిచేసేవారికి అనుమతి మాత్రమే ఇవ్వాలి. పని అయ్యాక తీసేయాలి. ఇది లెక్కల భద్రత మాత్రమే కాదు. ఆ తెర చేతిలో ఉన్నవారు సైటులోకి ఏ కోడునైనా వదలగలరు. కార్డు నంబర్లు దొంగిలించే కోడును ట్యాగ్ మేనేజర్ ముసుగులో దూర్చిన సంఘటనలు విదేశాల్లో బయటపడ్డాయి. మంచినీళ్లు వదిలే తూము నుంచే ఉప్పునీరూ రావచ్చు!

చిట్టా మనదే అయినా పుస్తకం అరువుదని కూడా మరవకూడదు. గూగుల్ తన పాత ఎనలిటిక్స్‌లో లెక్కరాయడం 2023 జులై 1 నుంచి ఆపేసింది. 2024 జులైలో పాత అంకెలు చూసుకునే వీలూ తీసేసింది. ముందుగా దించి దాచుకున్నవారికే అవి మిగిలాయి. జీఏ4లో కూడా లోతైన విశ్లేషణకు పనికొచ్చే వివరాలు మామూలుగా 2 నెలలే ఉంటాయి. సెట్టింగు మారిస్తే 14 నెలలు నిలుస్తాయి. ఈ సంక్రాంతి గిరాకీని పోయిన సంక్రాంతితో పోల్చాలంటే ఆ సెట్టింగు ఇవాళే మార్చుకోవాలి.

వచ్చినవాడికీ హక్కుంది

ఇంతసేపూ కొట్టువాడి వైపు నుంచే మాట్లాడుకున్నాం. వచ్చినవాడి మాటేమిటి? తన అడుగులు లెక్కపెడుతున్నారని అతనికి తెలియాలి కదా! యూరప్‌లో 2018 నుంచి ఈ విషయంలో గట్టి చట్టం ఉంది. 2022లో ఆస్ట్రియా, ఫ్రాన్స్‌ల నియంత్రణ సంస్థలు గూగుల్ ఎనలిటిక్స్‌ను వాడిన తీరునే తప్పుపట్టాయి. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనల్ని 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలన్నది దాని సారాంశం. ఆ నోటీసును ఇంగ్లిషులోనే కాదు, తెలుగు సహా ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ చదువుకునే వీలు కల్పించాలి. సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకూ ఉండొచ్చు.

ఇక్కడ రెండు దారులకూ తేడా ఉంది. వేదిక ఇచ్చిన పట్టికతో సరిపెట్టుకుంటే సమాచారం వెళ్లే చోట్లు తక్కువ. ఏం తీసుకుంటున్నామో చెప్పడం తేలిక. ట్యాగులు పెరిగేకొద్దీ సమాచారం చేరే ఇళ్లూ పెరుగుతాయి. అయితే ‘ఒప్పుకున్నాకే తలుపు ఎత్తు’ అనే ఏర్పాటు ట్యాగ్ మేనేజర్లో ఉంది. వాడుకుంటే అది మేలే చేస్తుంది. వాడుకోకపోతే అదే మెడకు చుట్టుకుంటుంది.

మరి ఏది ఎంచుకోవాలి?

ప్రకటనలకు డబ్బు పెట్టని చిన్న సైటుకు వేదిక ఇచ్చిన చిట్టా చాలు. ఒకే చోట ప్రకటన ఇచ్చేవారికీ చాలాసార్లు అదే సరిపోతుంది, ఎందుకంటే పెద్ద వేదికలన్నీ గూగుల్, ఫేస్‌బుక్‌లను నేరుగా కలుపుకునే వీలిస్తున్నాయి. రెండు మూడు చోట్ల ప్రకటనలు, తరచూ మార్పులు, ఫోన్ బటను లాంటి ప్రత్యేక లెక్కలు కావాల్సినప్పుడే ట్యాగ్ మేనేజర్. అప్పుడైనా సరే, అమ్మకం ఎంత అన్న ప్రశ్నకు చిట్టానే ప్రమాణం. ఎందుకు, ఎక్కడి నుంచి అన్న ప్రశ్నలకు ట్యాగులు. ఈ పని విభజన మరవనంత కాలం రెండూ కలిసి కాపురం చేస్తాయి.

చివరిగా ఒక్క మాట. బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూసను దంచి, బెల్లం పాకం పట్టి, నెయ్యి వేసి మళ్లీ తొక్కి కట్టే ఓపికకు దక్కిన గౌరవమది. ఆ రుచి చూసి తెలిసినవాళ్లకు చెప్పే మనిషిని ఏ ట్యాగూ పట్టుకోలేదు. ఏ చిట్టాలోనూ అతని పేరుండదు. కానీ గిరాకీ మాత్రం అతనే తెస్తాడు!

ఇవాళే చేయదగ్గవి

* వాట్సాప్‌లో పంపే లింకుకు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే లింకుకు, డబ్బా మీది క్యూఆర్ కోడుకు వేర్వేరు యూటీఎం గుర్తులు తగిలించండి. ఎవరు ఏ దారిన వచ్చారో ట్యాగ్ మేనేజర్ లేకుండానే తెలుస్తుంది.

* నెలాఖరున మూడు అంకెలు పక్కపక్కన రాసుకోండి. ఆర్డర్లు, వెనక్కొచ్చినవి, బ్యాంకులో పడిన సొమ్ము. ప్రకటనల పట్టికను ఆ తర్వాతే తెరవండి.

* ఖాతాలన్నీ ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో చూసుకోండి. మీది కాకపోతే మార్పించుకోండి.

* కోడు రెండుచోట్ల ఉందేమో సైటు చేసినవారిని అడగండి.

* ఏడాదికోసారి లెక్కలన్నీ దించి మీ కంప్యూటర్లో దాచుకోండి.